ఆండాళు మెస్సులో మూడు డిపార్ట్‌మెంట్లు

నేరేడుచర్లలో మిర్యాలగూడ వైపు వెళ్ళే రోడ్డు మీద, రైస్‌మిల్లుల వరస మొదలయ్యే చోట ఆండాళు మెస్సు ఉంటుంది. బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది గాని, పక్క మిల్లుకు వచ్చిన లారీ వెనక్కి తీస్తూ దాన్ని పడగొట్టింది. ఆ రోజు మధ్యాహ్నం కూడా ఎప్పటిలాగే రెండు గంటలకల్లా అన్నం అయిపోయేసరికి, బోర్డు మళ్ళీ పెట్టాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆండాళు ఎనిమిదో తరగతితో బడి మానేసింది. సైన్సు విషయంలో ఆమెకు గుర్తున్నదల్లా, పరీక్షలో తాను వేసిన కప్ప బొమ్మను చూసి టీచరు "ఇది కప్పనా, తాబేలా?" అని అడగడం. అలాంటి ఆండాళు పేరు చెబితే ఇవాళ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం వాళ్ళకూ, రసాయనశాస్త్రం వాళ్ళకూ, వృక్షశాస్త్రం వాళ్ళకూ తెలుసు. అదెలా జరిగిందో చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి పోవాలి.

ఆమె భర్త కొండల్ నేరేడుచర్ల నుంచి పాలకీడుకు షేర్ ఆటో నడుపుతాడు. ఇంటి బోరు నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పన కాబట్టి, పొద్దున మొదటి ట్రిప్పు దింపి తిరిగొచ్చేటప్పుడు పాలకీడు దగ్గర రాజేందర్ అనే రైతు బోరు నుంచి నాలుగు డ్రమ్ముల నీళ్ళు తెస్తాడు. వంట ఆ నీళ్ళతోనే. తాగడానికి మాత్రం ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు పెడతారు. హమాలీలు, లారీ డ్రైవర్లు, విత్తనాల కంపెనీ వాళ్ళు కలిపి రోజుకు నలభై మంది దాకా తింటారు.

యూనివర్సిటీ వాళ్ళలో ఆ నలభై మందితో మొదట చేరినవాడు శ్రీకాంత్. సూర్యాపేట పిలగాడే, యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాడు. సంచిలో సుత్తె, చంకలో చుట్టిన మ్యాపు. బుధవారం బుధవారం వచ్చేవాడు. రాళ్ళు కొట్టుకుని వచ్చి తింటాడు కాబట్టి రెండుసార్లు అన్నం అడిగేవాడు. శుక్రవారాలు ఇంద్రజ వచ్చేది. ఆమెది కోదాడ, రసాయనశాస్త్రం. ఐస్ పెట్టిన నీలం డబ్బా, దాంట్లో చిన్న చిన్న నీళ్ళ సీసాలు. డబ్బాను పిల్లను కూర్చోబెట్టినట్టు పక్క కుర్చీలో పెట్టుకుని తినేది. మూడో మనిషి వెంకటేశ్వర్లు సారు, వృక్షశాస్త్రం. వయసులో పెద్దాయన. ఆయన రావడానికి వారం, వర్జ్యం లేదు. నారు పోసినప్పుడు ఒకసారి, నాటు వేసినప్పుడు ఒకసారి, పొట్టకొచ్చినప్పుడు ఒకసారి కనిపించేవారు. చేతిలో ఎప్పుడూ వరి మొక్కలు, తడిగుడ్డలో చుట్టినవి.

ముగ్గురూ ఒకే ఆఫీసు వాళ్ళని, డ్యూటీలు పంచుకున్నారని ఆండాళు అనుకునేది.

రెండు వేల పదమూడు ఆషాఢంలో ఒక వానపూట ముగ్గురూ ఒకేసారి దిగబడ్డారు. రేకుల షెడ్డులో ఒక పక్క కారుతోంది. కారని చోట ఒకే బల్ల ఖాళీగా ఉంది. "మీరు మీరు ఒక్కటే గదా, ఆడ్నే సర్దుకోండి" అని ముగ్గురికీ ఆ బల్ల మీదే విస్తళ్ళు వేసింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నమస్కారాలు పెట్టుకున్నారు. అప్పటిదాకా పరిచయం లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

పప్పు వడ్డిస్తుంటే శ్రీకాంత్ చెబుతున్నాడు, పాలకీడు దగ్గర పి-ఏడు అనే చోట నేల కింది రాయి తీరు వింతగా ఉందని. చారు తెచ్చేసరికి ఇంద్రజ చెబుతోంది, ఎస్-ఇరవైమూడు అనే బోరులో ఫ్లోరైడ్ ఊరంతటికంటే తక్కువగా వస్తోందని. మజ్జిగ పోసేటప్పటికి వెంకటేశ్వర్లు సారు తన నాలుగో నంబరు మడి సంగతి ఎత్తుకున్నారు, ఆ ఒక్క మడిలోనే వరి వేరు లోతుగా దిగుతోందట.

ఆండాళుకు నవ్వు ఆగలేదు.

"ఏమైందమ్మా?" అన్నారు సారు.

"ఏం లేదు సారు. మీ ముగ్గురు సెప్పేది ఒక్కదాని గురించే. గది మా రాజేందర్ బోరు. సారు రాళ్ళు కొట్టేది దాని పక్క గుట్టల, మేడం నీళ్ళు పట్టేది దాంట్ల, మీ మడి దాని కింద పారేది. మా ఇంటాయన రోజు ఆడికెళ్ళే నీళ్ళు తెస్తడు, మీ ముగ్గుర్ని ఆడ్నే చూస్తడు. మీరిప్పుడు తిన్న పప్పు గా నీళ్ళదే."

 శ్రీకాంత్ బల్ల మీద మ్యాపు విప్పాడు. దాని మీద చారు పడింది. ఎవరూ పట్టించుకోలేదు. యూనివర్సిటీలో వీళ్ళ మూడు బిల్డింగులూ ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఉంటాయట. ముగ్గురూ ఒకే క్యాంటీన్లో టీ తాగుతారట. ఏడాదిగా ఒకరికొకరు తెలియకుండా ఒకే బోరు చుట్టూ తిరుగుతున్నారు. ఆ మాట విని కొండల్ ఆటోలో కూర్చుని పడీ పడీ నవ్వాడు.

వాళ్ళ ఉమ్మడి పని అలా మొదలైంది. మొదట మూడేళ్ళకన్నారు, తరువాత ఇంకో ఐదేళ్ళన్నారు, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కృష్ణ ఒడ్డు నుంచి కోదాడ దాకా ఊళ్ళలో నీళ్ళు ఎక్కడివి, వాటిలో ఏముంది, ఆ నీళ్ళు పంటలోకీ మనిషిలోకీ ఎంత పోతున్నాయి అన్నది వాళ్ళు తేల్చాలి. నెలకోసారి ముగ్గురూ, వాళ్ళ వెంట పరిశోధక విద్యార్థులూ మెస్సులో చేరేవారు. మీటింగ్ అనేవారు గాని, ఆండాళు కళ్ళకు అది పంచాయితీలానే కనిపించేది. మొదటి ఏడాదంతా వాళ్ళకు మాటల దగ్గరే కుదరలేదు. 'నమూనా' అంటే ఒకరికి రాయి, ఒకరికి నీళ్ళు, ఒకరికి ఆకు. శ్రీకాంత్ "ఇది మొన్న మొన్న జరిగిన మార్పు" అంటే పదివేల ఏళ్ళ కిందటి సంగతి. వెంకటేశ్వర్లు సారు "చాలా కాలం" అంటే రెండు పంటలు. ఇంద్రజ అయితే పొద్దున పట్టిన సీసా సాయంత్రానికి పాతబడిందనేది.

"వీళ్ళ గడియారాలు మూడు తీర్లున్నయి" అన్నాడు కొండల్.

"ఆకలి మాత్రం ఒక్కపారే అయితది" అంది ఆండాళు.

ఆమెకు వాళ్ళ పని మీద మెల్లగా ఇష్టం పుట్టింది. ఫలానా ఊళ్ళో ఫలానా బావి ఎవరిది, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఏ రైతుకు ఎప్పుడు తీరుబడి అన్నవి ఆమెనే అడిగేవారు. మెస్సుకు వచ్చేపోయేవాళ్ళ వల్ల ఆమెకు తెలియని ఊరు లేదు. ఫోను తీసి "అన్నా, మా సార్లు వస్తున్నరు, కుక్కను కట్టెయ్" అని చెప్పేది. అంత మాత్రానికే సగం పని అయిపోయేదని ఇంద్రజ అనేది.

రెండు వేల పదహారులో సాగర్ ఎడమ కాల్వకు నీళ్ళు రాలేదు. పొలాలు బీడు పడ్డాయి, మిల్లుల్లో పని తగ్గింది, మెస్సులో నలభై విస్తళ్ళు ఇరవై అయ్యాయి. ఆ కరువు దాటిన మరుసటి ఏడాది, పదిహేడు వేసవిలో, బల్ల దగ్గర అసలు గొడవ వచ్చింది.

గొడవ మళ్ళీ రాజేందర్ బోరు మీదే. అన్నాళ్ళూ ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న ఆ బోరులో ఉన్నట్టుండి నాలుగింతలు కనిపించింది. ఇంద్రజ మూడుసార్లు పరీక్ష చేసింది. మూడుసార్లూ అంతే.

"నేల కింద నీళ్ళు ఒక్క ఏడాదిలో అట్ల మారవు మేడం" అన్నాడు శ్రీకాంత్. "మీ విద్యార్థులు సీసాలు తారుమారు చేసిన్రేమో జర చూడండి."

ఇంద్రజ చేయి విస్తరి మీదే ఆగిపోయింది. "ఐదేళ్ళలో ఒక్క సీసా తారుమారు కాలేదండీ. మీ మ్యాపే తప్పేమో చూసుకోండి."

"మ్యాపు తప్పయితే మొత్తం ప్రాజెక్టు తప్పే."

"అయితే అదే రాసుకుందాం."

వెంకటేశ్వర్లు సారు ఇద్దరికీ సర్దిచెప్పబోయి, ఇద్దరితోనూ మాట పడ్డారు. ఇంద్రజ సగం తిని లేచింది. ఆ తరువాత నెలలో శ్రీకాంత్ పన్నెండింటికి తిని పోయాడు, ఇంద్రజ రెండింటికి వచ్చింది. వాళ్ళు విడిపోతే ఈ పని ఇంతటితో ఆగిపోతుందని ఆండాళుకు అర్థమైంది. ఆమె వెంకటేశ్వర్లు సారుకు ఫోను చేసి, వచ్చే మంగళవారం ముగ్గురూ రావాల్సిందేనని, లేకపోతే ముగ్గురికీ ఇక అన్నం లేదని చెప్పింది.

వచ్చారు. ఎడంగా కూర్చున్నారు. ఆండాళు గరిటె పట్టుకునే నిలబడి అడిగింది.

"మేడం, రాజేందర్ బోరుల ఏదో మారిందంటున్నరు గదా. ఎప్పటిసంది?"

"పోయిన జూన్‌లో తీసిన సీసా నుంచి, అక్కా. ఆ సీసాల పరీక్ష మాత్రం ఈ మధ్యే అయింది. ఆయన నమ్మట్లేదు."

"మారింది మేడం. నాకెరికనే. పప్పు తొందరగ ఉడుకుతున్నది."

శ్రీకాంత్ తల ఎత్తాడు. ఆండాళు లోపలికి వెళ్ళి రెండేళ్ళ క్యాలెండర్లు తెచ్చి బల్ల మీద పరిచింది. ఆమె పొద్దున కూరగాయలకు మార్కెట్టుకు పోయినప్పుడు పప్పు పొయ్యి మీద పెట్టేది కొండల్. ఎన్ని విజిల్స్ రానివ్వాలో అతనికి గుర్తుండదు. అందుకని ఆ రోజు ఏ నీళ్ళు, ఎన్ని విజిల్స్ అన్నది ఆమె తేదీ గళ్ళలో రాసి పెట్టడం అలవాటు చేసింది. పదహారు ఏప్రిల్ అంతా 'రా 6', 'రా 6', అంటే రాజేందర్ నీళ్ళు, ఆరు విజిల్స్. మే నెలాఖరు నుంచి పది రోజులు టాంకరు నీళ్ళు. జూన్ రెండో వారం నుంచి 'రా 3'. ఆ తరువాత ఏడాది పొడుగునా మూడే.

"గీడ్నించి" అని ఆమె వేలు పెట్టి చూపించింది. "నేనైతే మంచి నీళ్ళు పడ్డయనుకున్న. పప్పు వెన్న తీర్గ అయితుండె."

ఇంద్రజ నీలం డబ్బాలోంచి చిన్న కాగితపు ముక్క తీసి వంటగదిలోని డ్రమ్ములో ముంచింది. రంగు చూసింది. "సోడా నీళ్ళు" అంది నెమ్మదిగా. "వంటసోడా వేస్తే పప్పు ఎలా మెత్తగా అవుతుందో, ఈ నీళ్ళలో అది భూమిలోంచే కలిసి వస్తోంది. సున్నం తక్కువ. ఇలాంటి నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువుంటుంది." తరువాత శ్రీకాంత్ వైపు తిరిగింది. "ఇవి లోతు నీళ్ళండీ."

"అక్కడ లోతు నీళ్ళు రావు. బోరు నూట ఇరవై ఫీట్లే" అన్నాడు శ్రీకాంత్. కాని అప్పటికే లేచి చెయ్యి కడుక్కుంటున్నాడు.

అందరూ కొండల్ ఆటోలోనే పాలకీడు పోయారు. రాజేందర్ మోటరు కొట్టం ముందు కూర్చుని పైపుకు టేపు చుడుతున్నాడు.

"రాజేందర్, బోరుకేమన్న చేసినవా తమ్మీ?" అని ఆండాళు అడిగింది.

"ఏ బోరుకక్కా? పాతదా, కొత్తదా?"

శ్రీకాంత్ అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

పాతది కరువులో ఎండిపోయిందట. ఆరడుగుల అవతల, అదే కొట్టంలో, కొత్తది వేశాడు. మూడు వందల ఎనభై ఫీట్లు. పాత పైపునే దీనికి తగిలించాడు. అది వేసింది మెస్సుకు టాంకరు నీళ్ళు వచ్చిన ఆ పది రోజుల్లోనే, ఆ తరువాత కొండల్ కూడా బయట నల్లా దగ్గరే డ్రమ్ములు నింపుకునేవాడు. నీళ్ళు వచ్చే నల్లా అదే కాబట్టి ఇంద్రజ విద్యార్థులు ఎప్పటిలాగే పట్టుకుపోయారు. మోటరు దించిన బోరులో కొలత టేపు దిగదని శ్రీకాంత్ మొదటినుంచీ నీటి లోతు కొలిచేది పక్క బావిలో. కొట్టంలోకి ఎన్నడూ తొంగి చూడలేదు.

"మరి మాకు సెప్పాలె గదా అన్నా" అన్నాడు.

"మీరేమన్నడిగిన్రా సారు? నీళ్ళు పట్టుకుంటమన్నరు, పట్టుకోమన్న."

వెంకటేశ్వర్లు సారు గొంతు సవరించుకున్నారు. "నేను చూశాను. మడి దగ్గరికి పోతూ కొత్త కేసింగ్ పైపు చూశాను."

"చూసి చెప్పలేదా సారు?" అన్నారు ఇద్దరూ.

"పైపులు శ్రీకాంత్ డిపార్ట్‌మెంట్ కదా అనుకున్నా."

ముందు ఇంద్రజే నవ్వింది. తరువాత శ్రీకాంత్. అతను లేచి ఆమెకు దండం పెట్టి, "సీసాల మాట వాపస్ తీసుకుంటున్న మేడం" అన్నాడు. "మ్యాపు మాట నేనూ తీసుకుంటా" అందామె.

ఆండాళు మాత్రం నవ్వలేదు. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు ఒక్కటే ఆలోచించింది. నేరేడుచర్ల వచ్చాక ఇంద్రజను పక్కకు పిలిచి అడిగింది.

"మేడం, మా మెస్సుల తాగేటివి ఫిల్టర్ నీళ్ళే గదా. ఏం కాదు గదా?"

ఇంద్రజ అబద్ధం చెప్పలేదు. "తాగేవి సరే అక్కా. అన్నం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్ళు తాగుతాయి. మనం అన్నాన్ని తింటాం. ఒక్క ఏడాదికి ఎవరికీ ఏమీ అయిపోదు. కాని రోజూ, ఏళ్ళ తరబడి అయితే మంచిది కాదు."

 మెత్తటి పప్పని మెచ్చుకున్న మొహాలు ఆండాళు కళ్ళ ముందు తిరిగాయి. తరువాత గొంతు పెరిగింది. "మూడు డిపార్ట్‌మెంట్లు ఐదేండ్లసంది నా బల్ల మీద తింటున్నరు. నీళ్ళ లెక్క మీ నోటుబుక్కులల్ల ఉండె. గా నీళ్ళు నా కుక్కర్ల ఉండె. ఒక్కరన్న నాకు సెప్పకపోతిరి."

"ఎక్కువొచ్చిందన్న సంగతి మూడు నెలల కిందటే నాకు తెలుసు" అంది ఇంద్రజ. "శ్రీకాంత్ గారితో తేల్చుకున్నాకే బయట చెబుదామనుకున్నాను. ఈ నీళ్ళతోనే వండుతారని మా ముగ్గురికీ కలిపి వడ్డించిన మొదటి రోజే చెప్పారు మీరు. నేనే మరిచాను. తప్పు నాదే."

 ఆండాళు లోపలికి వెళ్ళి నాలుగు డ్రమ్ములూ బయట పారబోసింది. ఆ సాయంత్రం నుంచి వంట కూడా ఫిల్టర్ నీళ్ళతోనే. మరుసటి ఏడాది ఇంటికి నల్లా వచ్చాక నల్లా నీళ్ళతో. పప్పు ఇప్పుడు ఐదు విజిల్స్ తీసుకుంటుంది. హమాలీల్లో ఇద్దరు పప్పు మునుపటి లెక్క లేదన్నారు. ఆమె గరిటె పక్కన పెట్టి, సోడా నీళ్ళ సంగతి మొత్తం చెప్పింది. తరువాత వాళ్ళు అడగలేదు, తమ ఇళ్ళల్లో ఏ నీళ్ళో కనుక్కోవడానికి పోయారు.

ఆ రోజు నుంచి ప్రాజెక్టులో రెండు మార్పులొచ్చాయి. ఏ ఊరి నీళ్ళ ఫలితమైనా కాగితాల్లో అచ్చవడానికి ముందు ఆ ఊళ్ళో చెప్పాలన్నది ఒకటి. మెస్సు గోడ మీద కూడా ఒక పట్టిక అంటించారు. దాంట్లో ఊరి పేరు, బోరు ఎవరిది, వండుకోవచ్చా వద్దా అని తెలుగులో ఉంటుంది. రెండోది, ఇంటింటి ప్రశ్నల కాగితం. ఏళ్ళుగా దాంట్లో 'తాగే నీళ్ళు ఎక్కడివి?' అనే ఉండేది. దాని కింద ఆండాళు చెప్పగా ఇంకో రెండు ప్రశ్నలు చేర్చారు: పప్పు ఏ నీళ్ళలో వండుతున్నారు, ఎన్ని విజిల్స్‌కు ఉడుకుతుంది. పప్పు మరీ తొందరగా ఉడికే ఇళ్ళ నీళ్ళు ముందు పరీక్షకు పోతాయి. తొందరగా ఉడికిన చోటల్లా ఫ్లోరైడ్ ఉండాలని లేదని ఇంద్రజ ప్రతి మీటింగులో చెబుతూనే ఉంటుంది. కాని ఎక్కడ ముందు చూడాలో తెలియడం తక్కువ సంగతి కాదని శ్రీకాంత్ అంటాడు. వెంకటేశ్వర్లు సారు రిటైరై కూడా నాటుకూ కోతకూ వచ్చి ఇద్దరి మధ్యలో కూర్చుని, కనిపించిన ప్రతి పైపు గురించీ ముందుగా చెప్పేస్తారు.

సూర్యాపేటలో పోయినేడు పెట్టిన సభకు ఆండాళును పిలిచారు. అధికారులు, మూడు డిపార్ట్‌మెంట్ల వాళ్ళు, ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు కలిపి హాలు నిండింది. మైకు ముందు ఆమె చెప్పింది నాలుగు మాటలే. "వీళ్ళు సదువుకున్నోళ్ళు. అయినా ఒకరిదొకరు అడుగరు. మీరు గూడ మొగమాటపడకుండా అడుగుండ్రి. మా బోరు నీళ్ళు ఏమైనయి, కాగితమేదని అడుగుండ్రి. అడిగితెనే సెప్తరు." శ్రీకాంత్ ముందు వరసలో తల వంచుకుని నవ్వుకున్నాడు.

నెలలో రెండు రోజులు మెస్సు కొండల్‌కు అప్పగించి ఆమె వాళ్ళతో ఊళ్ళకు పోతుంది. ఈ జూన్‌లో మిర్యాలగూడ అవతల ఒక తండాకు పోయారు. శ్రుతి అనే కొత్త విద్యార్థిని వచ్చింది, రసాయనశాస్త్రంలో చేరి నెల కాలేదు. మోతీబాయి అనే ముసలామె ఇంటి ముందు నిలబడి, చేతిలో కాగితం చూసుకుంటూ "అమ్మా, మీ గృహ వినియోగ జలవనరు ఏది?" అని అడిగింది. మోతీబాయి ఆ పిల్లను ఎగాదిగా చూసి, "కరెంటు బిల్లు కట్టినం" అని లోపలికి పోబోయింది.

ఆండాళు అరుగు మీద కూర్చుంది. చాటలో పోసి ఉన్న కందిపప్పును దగ్గరికి లాక్కుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. మోతీబాయి వెనక్కి వచ్చి ఎదురుగా కూర్చుంది. మనవల సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి, ఈ ఏడు ఇంకా పడని వాన సంగతి మాట్లాడుకున్నారు. చాట సగం అయ్యాక ఆండాళు అడిగింది, "పప్పు మంచిగ ఉడుకుతదా అవ్వా?"

"గుట్ట కింద బోరు నీళ్ళతోటి అయితె ఇట్ల పెట్టంగనే ఉడుకుతది బిడ్డా. నల్లా నీళ్ళతోటి లేటయితది. అందుకనే గా నీళ్ళే తెస్త."

ఆండాళు తలెత్తి శ్రుతి వైపు చూసింది. శ్రుతి కాగితం మడిచి సంచిలో పెట్టి, సీసా తీసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. "గుట్ట కింది బోరు ఎటువైపు అవ్వా? ఎన్నేండ్లసంది తెస్తున్నరు?" అని అడిగింది. మోతీబాయి కొంగు దోపుకుని లేచి, దారి చూపించడానికి ముందు నడిచింది.